మా ఆయన కట్టిన నెమలి ఓడ

ప్రతి ఇంట్లోనూ ఇటుకలు పేర్చే మొగుడు ఒకడు ఉండి తీరాలి! ఇది సలహా కాదు, డిమాండు. ప్రభుత్వం వారు పథకం పెట్టి ఇంటికొకణ్ణి మంజూరు చేస్తే ఈ రాష్ట్రంలో సంసారాలన్నీ ఏడాది తిరక్కుండా బాగుపడతాయని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇటుకలంటే మట్టివి కావు. సిమెంటువీ కావు. కంప్యూటరు తెర మీద తప్ప భూప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. డిజిటల్ ఇటుకలు!

విదేశాల్లో పిల్లలు ఆడుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకల్ని మీరు చూసే ఉంటారు. నెత్తిన బుడిపెలు, అడుగున గుంటలు. ఒకదాని బుడిపెలు ఇంకోదాని గుంటల్లో టక్కున కూర్చుంటాయి. వాటితో అక్కడి పిల్లలు ఇళ్ళు కడతారు. అక్కడి పెద్దవాళ్ళేమో సినిమాల్లో కనిపించే రాకెట్లూ, కోటలూ, ఓడలూ అచ్చు గుద్దినట్టు కట్టి, ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెడతారు. పెద్దవాళ్ళా అని నోరు తెరవకండి. గడ్డాలున్నవాళ్ళు!

మన విశాఖపట్నంలో అప్పట్లో ఆ ఇటుకలు దొరకడమే అపురూపం. ద్వారకా నగర్లో ఒక షాపువాడు అద్దాల బీరువాలో ఒకే ఒక్క డబ్బా పెట్టుకునేవాడు. అమ్మడానికి కాదు, చూపించడానికి. మా ఆయన ఒకసారి దాని ధర అడిగారు. తరవాత సిటీ బస్సు గాజువాక దాటేదాకా ఆయన నోట మాట రాలేదు.

అలాంటి మనిషికి ఆ ఇటుకలన్నీ ఊరికే, లెక్కలేనన్ని, కుర్చీలోంచి కదలకుండా ఇస్తే ఏమవుతుంది? మొగుడు బాగుపడతాడు, ఇల్లాలు సుఖపడుతుంది. ఎలాగో వినండి.

మా ఆయన పేరు భీమశంకరరావు. పుట్టింది తణుకు దగ్గర. ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్లో. పదిహేనేళ్ళు ఏటవాలు బల్ల ముందు నిలబడి పెన్సిలుతో గీతలు గీశారు. ఒకనాడు ఆ బల్లలన్నీ మోసుకుపోయి స్టోర్లో పడేసి, సెక్షన్ మొత్తానికి కంప్యూటర్లు ఇచ్చారు. మా అమ్మాయి నిఖిత చదువు కోసం ఇంట్లోనూ ఒకటి కొన్నాం. అమ్మాయి హాస్టలుకి వెళ్ళిపోయింది. కంప్యూటరు ఇంట్లో ఉండిపోయింది.

రెండువేల అయిదు, వానాకాలం. ఒక ఆదివారం ఫ్రాన్సిస్ చర్చి నుంచి సరాసరి మా క్వార్టర్‌కి వచ్చాడు. ఫ్రాన్సిస్ పోర్టులో క్రేన్ ఆపరేటరు, మా ఆయనకు ప్రాణస్నేహితుడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఆ లెక్కన నేను అతనికి అక్కని.

"బావ, ఇదేటో సూడు," అని జేబులోంచి సీడీ తీశాడు. "మా పిల్ల ఎవాంజలిన్ లేదూ, మధురవాడలో దాని ఆఫీసులో కుర్రోళ్ళు ఆడతన్నారంట. ఇటికలు బావ! ఎన్ని కావాలంటే అన్ని. అయిపోవు."

"అయిపోవంటే?" అన్నారు మా ఆయన.

"అయిపోవంతే. తవ్వుతన్న కొద్దీ వత్తాయి."

ఆ మధ్యాహ్నం రెండింటికి మా ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒక విధంగా చెప్పాలంటే ఇంకా లేవలేదు.

ఇక లాభాలు చూడండి!

మొదటిది శుభ్రత. బొమ్మలున్న ఇల్లు ఎలా ఉంటుందో పిల్లల్ని పెంచిన ప్రతి తల్లికీ తెలుసు. మంచం కింద ఒకటి, పప్పు డబ్బాలో ఒకటి, అరికాల్లో ఒకటి. మా ఆయన మొదటి వారంలోనే పదకొండువేల ఇటుకలు వాడారు. చీపురు పట్టుకున్న నాకు ఒక్కటంటే ఒక్కటి తగిలితే ఒట్టు!

రెండోది భోజనం. నా పుట్టిల్లు ఎలమంచిలి. పాతికేళ్ళుగా పులుసు పోసిన ప్రతిసారీ "మీ వైపు వాళ్ళకి బెల్లం కనపడితే చెయ్యి ఆగదు కదా" అన్న మనిషి ఈయన. ఇటుకలొచ్చాక కంచంలో ఏముందో చూడడం మానేశారు. నేను పరీక్ష పెట్టాను. వరసగా నాలుగు రోజులు అదే బీరకాయ కూర. నాలుగోరోజున ఆయన తలెత్తి, "ఇవాళేదో కొత్తగా చేశావే, బాగుంది" అన్నారు. ఏ దేవుడికి మొక్కుకుంటే దొరుకుతుంది ఇంతటి మెప్పు?

ఆధ్యాత్మిక లాభం వేరే. మూడు గంటలు కూర్చుని ఒక రాకెట్టు కడతారు. సేవ్ చెయ్యడం మరిచిపోతారు. కరెంటు పోతుంది! మొదటిసారి పోయినప్పుడు విద్యుత్ శాఖ వారి మూడు తరాలను తలుచుకున్నారు. అయిదోసారికి తల పట్టుకుని ఊరుకున్నారు. పదోసారి పోయినప్పుడు నల్లటి తెర వంక ప్రశాంతంగా చూస్తూ, "ఉన్నప్పుడు మాత్రం ఎక్కడుంది గౌరీ?" అన్నారు. కొండల్లోకి పోయి గడ్డాలు పెంచినవాళ్ళకి పట్టుబడని జ్ఞానం! మాకు కరెంటు కోత పుణ్యమా అని ఇంట్లోనే వచ్చింది.

చుట్టాల సంగతి చెప్పకపోతే పాపం. ఆయన పినతండ్రి కొడుకు అర్జునరావు పది రోజులుండి సముద్రం చూసి పోదామని పెట్టెతో సహా దిగాడు. మొదటి రోజు మా ఆయన అతనికి రాకెట్టును ముందు నుంచీ, వెనక నుంచీ, కింద నుంచీ చూపించారు. రెండోరోజు దాన్ని ఒక్కో ఇటుకగా ఊడదీసి, ఏది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పారు. మూడోరోజు పొద్దున్నే అర్జునరావుకి ఊళ్ళో అర్జంటు పని గుర్తొచ్చింది. సముద్రం చూడకుండానే బండెక్కాడు.

ఆయనతో బయటికి వెళ్ళినా వినోదమే. బీచిలో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ వంక చూసి, "ముప్పయి మూడు డిగ్రీల ఏటవాలు ఇటుక, ముదురాకుపచ్చ" అంటారు. సింహాచలం వెళితే గాలిగోపురం కింద ఆగిపోయి, తలెత్తి చూసి, "ఆ కలశానికి పార్టు లేదు గౌరీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. క్యూలో వెనకున్నావిడ అది భక్తి పారవశ్యం అనుకుని ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది!

ఇంతకీ ఆ పార్టుల గొడవేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

విదేశీ సినిమాల రాకెట్లు నాలుగు కట్టాక మా ఆయనకి హఠాత్తుగా దేశభక్తి కలిగింది. "అన్నీ వాళ్ళవేనా? మన సినిమాల్లో లేవూ?" అన్నారు. ఒక పాత జానపద చిత్రం గుర్తు చేసుకున్నారు. పేరు చెప్పను. అందులో రాజకుమారుడు నెమలి ఆకారంలో ఉన్న ఓడ ఎక్కి సముద్రాలు దాటి, చివర్లో ఓడతో సహా గాల్లోకి లేచిపోతాడు. పెళ్ళయిన కొత్తలో ఎలమంచిలిలో మేమిద్దరం కలిసి చూసిన మొదటి సినిమా అది. ఖచ్చితంగా చెప్పాలంటే, నేను చూశాను. ఆయన ఇంటర్వెల్లో రెండు పొట్లాల పకోడీలు తిని, లైట్లు ఆర్పగానే నిద్రపోయారు. ఓడ వచ్చేది ఇంటర్వెల్ తరవాత. ఆయన చూసింది హాలు బయట గోడ మీద పోస్టరు.

అయినా సరే, నెమలి ఓడ కట్టడం మొదలెట్టారు. అడుగు భాగం వారంలో అయిపోయింది. తెడ్లు వచ్చాయి. తెరచాప వచ్చింది. పురి కూడా వచ్చింది. మెడ రాలేదు!

ఎందుకు రాలేదంటే, ఆ ప్రోగ్రాంలో పార్టుల జాబితా ఒకటి ఉంటుంది. వేలకు వేలు. చిలక ఉంది. మొసలి ఉంది. గుర్రం ఉంది. దెయ్యం కూడా ఉంది. నెమలి మెడ లేదు. చదరపు ఇటుకలు పేర్చి ప్రయత్నిస్తే అది నెమలిలా కాక సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లా వచ్చింది.

లేని పార్టును మనమే తయారు చేసుకోవచ్చునట. ఆకారం మొత్తాన్ని చిన్న చిన్న ముక్కోణాల కింద విడగొట్టి, ఒక్కో మూల ఎక్కడుందో అంకెల్లో రాయాలి. పొడవెంత, ఎత్తెంత, లోతెంత. రాసినదాన్ని విదేశాల్లో ఉన్న ఒక కమిటీకి పంపాలి. జీతం భత్యం లేకుండా సరదాకి పనిచేసే పెద్దమనుషులు వాళ్ళు. భూతద్దం పెట్టి చూసి, బాగుంటే ప్రపంచమంతా వాడుకునే జాబితాలో చేరుస్తారు. బాగులేకపోతే తిప్పి పంపుతారు.

మా ఆయన ఇరవై రోజులు కష్టపడి ఒక మెడ తయారుచేశారు. ముందు ఫ్రాన్సిస్‌ని పిలిచి చూపించారు. ఫ్రాన్సిస్ తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు.

"బావ, నిజం సెప్పీమంటావా?"

"చెప్పు."

"కుళాయి."

సరిచేశారు. పక్క క్వార్టర్ చిట్టెమ్మ కరివేపాకు కోసం వచ్చి తెర వంక చూసి, "గొడుగు కర్ర బాగా ఏసారండి రావుగారూ" అని మెచ్చుకుంది.

మళ్ళీ సరిచేసి కమిటీకి పంపారు. వారం తరవాత ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. "పార్టు చక్కగా ఉన్నది. ఇది ఏ వాద్యపరికరమో దయచేసి తెలుపగలరు."

ఆ రోజు మా ఆయన కంప్యూటరు కట్టేశారు. మరునాడూ తెరవలేదు. మూడోరోజు పులుసు కలుపుకుంటూ, బెల్లం గురించి ఒక్క మాటైనా అనకుండా, "ఒక్క వంపు గౌరీ. ఇన్నేళ్ళు గీతలు గీసినవాణ్ణి, ఒక్క వంపు రావట్లేదు. కంప్యూటర్లొచ్చాక ఈయన పనికిరాడని సెక్షన్లో కుర్రాళ్ళు వెనకాల నవ్వుకునేది నిజమేనేమో" అన్నారు.

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. వంకలు పెట్టే గొంతే నయమనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"వంపు రాకపోవడం కాదండీ. వంపు ఎటో మీకు తెలీదు. ఆ మెడ నిటారుగా ఉండదు. ముందు వెనక్కి వాలి, తరవాత ముందుకొస్తుంది. గొంతు దగ్గర మూడు బంగారు పట్టీలు. నెత్తిన అయిదు ఈకలు."

"నాకు బాగా గుర్తుంది. నిటారుగానే ఉంటుంది."

"మీరు నిద్రపోయారు."

"కళ్ళు మూసుకుని వింటున్నాను."

"మెడ వంపు వినపడిందా?"

తీర్పు కోసం ఆ సినిమా సీడీ కావలసి వచ్చింది. ఫ్రాన్సిస్ మూడు వారాలు ఊరంతా తిరిగి, చివరికి బస్సు కాంప్లెక్స్ వెనక ఒక షాపులో, భక్తి పాటల కట్ట అడుగు నుంచి దాన్ని లాక్కొచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో ప్రదర్శన. ఫ్రాన్సిస్, చిట్టెమ్మ, మా ఆయన, నేను. రాకుమారి ముఖం మీద గళ్ళు పడి సినిమా ఆగిపోయింది. సీడీని పైట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను. గళ్ళు దాటుకుని కథ సముద్రం చేరింది. ఓడ వచ్చింది!

సరిగ్గా నలభై సెకన్లు. మా ఆయన రిమోట్ నొక్కి ఆపారు. అట్టముక్కలూ తగరపు రేకులూ అతికించిన ఆ నెమలి తెర మీద నిలబడిపోయింది. మెడ వెనక్కి వాలి, ముందుకు వచ్చి... మూడు పట్టీలు. అయిదు ఈకలు.

"అక్క సెప్పిందే కరెట్టు బావ," అన్నాడు ఫ్రాన్సిస్.

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "ప్రింటు పాతదవడం వల్ల అలా వంగింది," అన్నారు.

అందరం నవ్వాం. కాసేపటికి ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకొక ఆలోచన వచ్చింది.

నేను కాలనీలో సగం మందికి జాకెట్లు కుడతాను. మనిషి ఒంటికి వంపులుంటాయి, గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది. బల్లపరుపు గుడ్డని ముక్కలు కోసి వంపు తెప్పించడమే కదా కుట్టుపని! ఈ పార్టుల తయారీ అంటే అంతకన్నా ఏమిటి? ముందు న్యూస్‌పేపరు మీద గీసి కత్తిరించాను. కుదరలేదు. మళ్ళీ కత్తిరించాను. నాలుగోసారి కుదిరింది. నీలం జాకెట్టు ముక్క తీసి ఆ కొలతలకి కోసి, కుట్టి, లోపల బూరుగు దూది కూరి టేబుల్ మీద నిలబెట్టాను.

ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు కూడా విప్పలేదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గౌరీ, ఇది నెమలే" అన్నారు.

ఆ వారంలోనే ఫ్యాక్టరీలో షట్‌డౌన్ మొదలైంది. కొలిమి ఆపి మరమ్మతులు చేసే రోజులు. డ్రాయింగ్ సెక్షన్ వాళ్ళకి ఆదివారాలు కూడా ఉండవు. వెళ్ళే ముందు ఒక పూట కూర్చోబెట్టి అంకెలు ఎలా ఎక్కించాలో నాకు చూపించారు. "ఖాళీ ఉన్నప్పుడు నాలుగు కొడుతుండు. నేనొచ్చి చూసుకుంటా," అన్నారు.

ఖాళీ ఉన్నప్పుడు! పప్పు కుక్కర్లో పెట్టి, మూడు కూతలు వచ్చేలోగా రెండు ముక్కోణాలు. బట్టలు ఆరేసి వచ్చి నాలుగు. గుడ్డ నెమలి మీద సుద్దతో గళ్ళు గీసి, ఆయన పాత స్కేలుతో ఒక్కో మూలా కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, ఎక్కించాను. మొత్తం మూడువందల పన్నెండు ముక్కోణాలు. ఒక్కోదానికి తొమ్మిది అంకెలు. సేవ్ చెయ్యడం మాత్రం మరిచిపోలేదు. పాలు పొయ్యి మీద పెట్టి పక్కకి వెళ్ళని దాన్ని, సేవ్ చెయ్యకుండా లేస్తానా?

పంపాం. కమిటీ ఈసారి వాద్యం అనలేదు. "అందమైన నెమలి. కానీ కొన్ని ముక్కలు ఎదురుగా చూస్తే కనపడడం లేదు" అని రాశారు.

తెర మీద చూస్తే నిజమే. మెడకి అక్కడక్కడా చిల్లులు! ముక్కలు ఉన్నాయి, కానీ ఇటు నుంచి కనపడవు. తిప్పి లోపలి వైపు నుంచి చూస్తే కనపడతాయి. మా ఆయన షట్‌డౌన్ నుంచి బొగ్గు మొహంతో వచ్చి, అరగంట చూసి, "అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయే" అని తల గోక్కుని పడుకున్నారు.

నేను రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు చిట్టెమ్మ జాకెట్టు కుడుతూ దాని చెయ్యి గుడ్డ తిరగేసి అతికించేశాను. గుడ్డ వెలిసిన వైపు పైకొచ్చింది. విప్పబోతూ ఆగిపోయాను. తిరగేసిన ముక్క! గుడ్డకి మంచివైపు, తిరగవైపు ఉన్నట్టే ఆ ముక్కోణాలకీ ఉండాలి కదా? కొలత మారదు, వైపు మారుతుంది. మరి వైపు ఎక్కడ తెలుస్తుంది? కుట్టు పక్కన పడేసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక ముక్కకి మూలలు రాసే వరస తిరగేసి చూశాను. చిల్లు మాయమైంది! మూలల్ని ఒక వైపు నుంచి చుట్టి వస్తే మంచివైపు బయటికి, రెండో వైపు నుంచి వస్తే తిరగవైపు బయటికి. అంతే!

ఒంటరిగా ఉన్న ఇంట్లో నేను అరిచిన అరుపుకి చిట్టెమ్మ గోడ అవతల నుంచి, "ఏటమ్మా, బల్లి పడిందేటి?" అని కేకేసింది.

అలాంటివి నలభై ఒక్కటి. అన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. క్షమించాలి, మళ్ళీ రాశాను. పంపాం.

పది రోజులకి జవాబు. మెడ మంజూరైంది! ప్రపంచంలో ఏ మూల ఎవరు నెమలి కట్టుకున్నా ఇకనుంచి మా మెడే వాడుకోవాలి. జాబితాలో దానికొక నెంబరు. నెంబరు కింద పేరు. పేరు కింద ఇంకో వరస. "కర్త: భీమశంకరరావు."

మా ఆయన ఆనందం చెప్పడానికి మాటలు చాలవు. సెక్షన్ మొత్తానికి స్వీట్లు పంచారు. వెనకాల నవ్విన కుర్రాళ్ళు వరసకట్టి చేతులు కలిపారట. కాలనీ రిక్రియేషన్ క్లబ్ వారు సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, చందనం చెక్క మీద బంగారు రంగు అక్షరాలు. అధ్యక్షులవారు ఆయన్ని విశ్వకర్మ అన్నారు. నెమలిని ఎవరూ చూడలేదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు.

తరవాత మా ఆయన మైకు పట్టుకున్నారు. ఫ్రాన్సిస్‌కి కృతజ్ఞతలు చెప్పారు. కంప్యూటరుకి చెప్పారు. ఆ నెమలి ఓడను అట్టముక్కలతో చేసిన అజ్ఞాత కళాకారుడికి చెప్పారు. షట్‌డౌన్లో ఒక పూట సెలవిచ్చిన ఆఫీసరుకి చెప్పారు. "చివరగా, వేళకి టీ అందించి సహకరించిన నా శ్రీమతికి..."

పక్క కుర్చీలో చిట్టెమ్మ నా మోచెయ్యి పొడిచింది. "అదేటమ్మా? ఆ మెడ కుట్టింది నువ్వు కదేటి?"

నేను చప్పట్లు కొట్టాను. అందరికన్నా గట్టిగా.

ఇంటికొచ్చాం. ఆయన శాలువా మడతపెట్టకుండానే కుర్చీలో కూర్చుని, "ఏం గౌరీ, బాగా మాట్లాడానా?" అన్నారు.

"చాలా బాగా. ఒక సందేహం. మీ ఆఫీసులో డ్రాయింగు కింద మూల గడిలో ఎవరి పేరు రాస్తారు?"

"గీసినవాడిది. తరవాత సరిచూసినవాడిది."

"గీసినవాడి పేరు బదులు ఇంకొకడి పేరు రాస్తే?"

"మెమో ఇస్తారు. ఎందుకూ?"

"ఈ మెడ ఎవరు గీశారు?"

ఆయన చేతిలో పూలదండ ఆగిపోయింది. పాపం, నిజంగానే ఆయనకి తట్టలేదు. దొంగతనం చేసిన మొహం కాదు అది, దొంగతనం జరిగిందని అప్పుడే తెలిసిన మొహం. చివరికి, అందరు మొగుళ్ళూ చెప్పే మాటే చెప్పారు.

"అదేమిటి గౌరీ! నువ్వు వేరు, నేను వేరా? మనిద్దరం ఒకటే కదా!"

నాకు కోపం వస్తే నోట్లోంచి ఎలమంచిలి ఊడిపడుతుంది.

"ఏటి ఒకటే? ఒకటే అయితే నా పేరు రాసీవలిసింది! రాసీరేటి? మూడువందల పన్నెండు ముక్కలు నాను కొలిసినాను. నలపై ఒకటి నాను తిరగేసినాను. మైకు అట్టుకుని టీ అంటారా? టీయేనా నాను ఇచ్చింది?"

గోడ అవతల చిట్టెమ్మ రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆయన లేచి, శాలువా తీసి మడతపెట్టి నా కుట్టు మిషను మీద పెట్టారు. కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తరం కొట్టడం మొదలెట్టారు. మధ్యలో ఒక్కసారి తల తిప్పి, "పేరు ఎలా రాయాలి? మిసెస్ రావు అనా?" అన్నారు. నా మొహం చూసి, సమాధానం కోసం ఆగకుండా తిరిగి కొట్టడం మొదలెట్టారు. అక్షరం అక్షరం విడదీసి, గౌ, రీ, శ్వ, రి.

కమిటీవారు రుజువు అడిగారు. న్యూస్‌పేపరు ముక్కలూ, గుడ్డ నెమలీ, నోటుబుక్కూ బల్ల మీద పరిచి ఫోటో తీసి పంపాం. ఆ ఫోటో మా ఆయనే తీశారు. నోటుబుక్కు పేజీలు ఎగిరిపోకుండా రెండు చివర్లా ఆయనే వేళ్ళు పెట్టారు, ఫోటోలో కనపడతాయి. రెండు వారాలకి వరస మారింది. "కర్త: గౌరీశ్వరి."

నవ్వకండి. మా క్వార్టర్ బోర్డు మీద ఆయన పేరు. గ్యాసు పుస్తకం ఆయన పేరు. ఫోను ఆయన పేరు. నేను కుట్టిన జాకెట్లు కాలనీలో ప్రతి ఒంటి మీదా తిరుగుతున్నాయి, ఒక్కదాని మీదా నా పేరు లేదు. సృష్టిలో నా పేరు మీద ఉన్నది ఒకే ఒక్కటి, అది కూడా ముట్టుకుంటే చేతికి తగలదు. అయినా ఆ వరస రోజుకొకసారి తెరిచి చూసుకుంటున్నాను. డిజిటల్ ఇటుకలు ఆడవాళ్ళకి వరమని నేను ఎందుకు వాదిస్తున్నానో ఇప్పటికి మీకు బోధపడి ఉండాలి!

పోయిన ఆదివారం ఓడ పూర్తయింది. తెడ్లు, తెరచాప, పురి, మెడ అన్నీ అమిరాయి. నిజంగా గాల్లోకి లేచేలా ఉంది. మా ఆయన బొమ్మ తీసి ఇంటర్నెట్లో పెట్టి, కింద ఎంతో నిజాయితీగా రాశారు. "ఓడ నిర్మాణం: భీమశంకరరావు. మెడ మాత్రం: గౌరీశ్వరి."

ఫ్రాన్సిస్ చదివి, తల అటు వంచి, ఇటు వంచి చూశాడు.

"బావ, మెడ తీసెత్తే మిగిలేది సేపల పడవే కదా?"

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనేమీ అనలేదు. ఉత్తమ ఇల్లాలిని కదా! కాకపోతే పాఠక మహాశయులకు ఒక చిన్న విన్నపం. పేరు మార్పించాలంటే ఏం చెయ్యాలో నాకు తెలిసింది. ఆ "మాత్రం" అనే మాట తీయించాలంటే ఏ కమిటీకి రాయాలో, ఎన్ని ఫోటోలు జత చెయ్యాలో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి తెలుపగలరు.